ఊరికే వచ్చిన ముప్పై వేల లైన్లు

ఈసారి ఉత్తరం ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీ (ఎవరైనా ఊరికే తీసుకుని తమ ప్రోగ్రాముల్లో వాడుకోగల, మార్చుకోగల కోడ్) మెయింటైనర్ నుంచి, అంటే దాన్ని చూసుకునే మనిషి నుంచి, వచ్చింది. తన పేరు, ప్రాజెక్టు పేరు బయట పెట్టొద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

పెద్ద పెద్ద డేటా ఫైళ్ళను చదివే, రాసే లైబ్రరీ ఒకటి ఈయన, ఈయన స్నేహితుడు కలిసి చాలా ఏళ్ళుగా నడుపుతున్నారు. ఇద్దరికీ వేరే ఉద్యోగాలున్నాయి. రాత్రిళ్ళు, సెలవు రోజుల్లో మిగిలిన సమయమే ప్రాజెక్టుకు. మొత్తం లైబ్రరీ ఇరవై వేల లైన్లు దాటదు. ఈమధ్య ఒక పెద్ద కంపెనీ మేనేజర్ నుంచి మెయిల్ వచ్చింది: మీ లైబ్రరీని మూడేళ్ళుగా లోపల వాడుతున్నాం, మా అవసరాలకు తగ్గట్టు బాగా మార్చుకున్నాం, ఇప్పుడు ఆ పనంతా కమ్యూనిటీకి తిరిగి ఇచ్చేయాలనుకుంటున్నాం అని. వెనకాలే పుల్ రిక్వెస్ట్, అంటే మా కోడ్‌ను మీ ప్రాజెక్టులో కలుపుకోండన్న అభ్యర్థన, వచ్చింది. ఒకటే కమిట్ (ఒకేసారి నమోదు చేసిన మార్పు), ముప్పై వేల లైన్లు. ఒకే ఫైలును చాలా థ్రెడ్లతో, అంటే ప్రోగ్రాములో పక్కపక్కనే నడిచే పనులతో, ఒకేసారి చదివే కొత్త ఇంజిన్ అది. ఈయన తన మెషీన్‌లో నడిపి చూశారు. నిజంగానే మూడు రెట్లు వేగంగా ఉంది.

కంపెనీ అడిగినవి కొన్ని ఉన్నాయి. కొత్త ఇంజిన్ వచ్చే రిలీజ్‌లోనే డీఫాల్ట్ కావాలి, అంటే యూజర్ వేరేది ఎంచుకోకపోతే అదే నడవాలి. ప్రతి ఫైలు పైన తమ కాపీరైట్ లైను ఉండాలి. నెలన్నరలో తమ సమావేశంలో ఈ విషయం ప్రకటించబోతున్నారు, అప్పటికి మెర్జ్ అయిపోతే (లైబ్రరీలో కలిసిపోతే) సంతోషం. ప్రాజెక్టుకు కొంత విరాళం ఇచ్చే విషయం కూడా "పరిశీలిస్తాం" అన్నారు.

చూస్తే కోడ్‌లో ఇబ్బందులు కనిపించాయి. టెస్టుల్లో సగం కంపెనీ లోపలి సర్వర్‌కు కనెక్ట్ అయితేనే నడుస్తాయి. లాగింగ్, కాన్ఫిగరేషన్, థ్రెడ్ల నిర్వహణ, అన్నీ వాళ్ళవి వాళ్ళే రాసుకున్నారు, లైబ్రరీలో ఉన్నవి వాడలేదు. "ఇక్కడ క్రమం ఎందుకు మార్చామో తెలియాలంటే టికెట్ 4412 చూడండి" లాంటి కామెంట్లు అడుగడుగునా ఉన్నాయి. ఆ టికెట్లు, అంటే కంపెనీ లోపల రాసుకున్న పని నోట్లు, బయటివాళ్ళు తెరవలేరు. రెండు ఫైళ్ళ పైన అయితే పూర్తిగా వేరే కంపెనీ పేరు, కింద "రహస్యం, అనుమతి లేకుండా ఇతరులకు ఇవ్వరాదు" అన్న లైను ఉన్నాయి. కోడ్ పంపిన ఇంజనీర్ మాత్రం మంచివాడు, ఏమడిగినా ఆ రోజే జవాబిస్తాడు. అయితే వచ్చే క్వార్టర్‌లో అతన్ని వేరే టీమ్‌కి మారుస్తున్నారట.

స్నేహితుడేమో "ఇంటికొచ్చిన లక్ష్మిని కాలదన్నుకుంటామా" అంటున్నాడు. యూజర్లు పుల్ రిక్వెస్ట్ కింద చేరి ఎప్పుడు కలుపుతారని రోజూ అడుగుతున్నారు. "వద్దంటే పొగరంటారు. సరేనంటే జీవితాంతం నేనే మోయాలి. నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?" అన్నది ఈయన ప్రశ్న.

మీ ఉత్తరంలో కోడ్ గురించి చాలా పేరాలున్నాయి. నన్ను ఆపింది మాత్రం మీరు దాదాపు చివర్లో, మాటవరసకు అన్నట్టు రాసిన విషయం. ఆ ఇంజనీర్ వెళ్ళిపోతున్నాడు. అతను వెళ్ళాక ఈ ముప్పై వేల లైన్లు ఎందుకలా ఉన్నాయో తెలిసిన మనిషి మీ ప్రాజెక్టులో ఎటూ ఉండడు. ఆ కంపెనీలోనూ ఉంటాడన్న నమ్మకం లేదు. ఊరికే వచ్చిన ఆవుకు పళ్ళు లెక్కపెట్టకూడదంటారు గానీ, రేపటి నుంచి మేత మీరే వేయాలి కాబట్టి మీరు లెక్కపెట్టుకోవాల్సిందే. కోడ్ బాగుందా లేదా అన్నది తర్వాతి సంగతి. మెర్జ్ అయ్యాక దీన్ని ఎవరు చూసుకుంటారన్నదే మొదటి ప్రశ్న, దానికి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు.

ముందు మీ అపరాధభావం సంగతి చూద్దాం. మూడేళ్ళు ఫోర్క్ (మీ కోడ్‌కు తమ సొంత మార్పులతో వేరే ప్రతి) నడిపిన కంపెనీ ఉన్నట్టుండి కోడ్ ఇచ్చేస్తానంటోందంటే అందులో దాని లాభం దానికుంది. మీరు రిలీజ్ చేసిన ప్రతిసారీ వాళ్ళు తమ మార్పులన్నిటినీ కొత్త వెర్షన్ మీదికి మార్చుకోవాలి, తెగినవి అతికించుకోవాలి, టెస్ట్ చేసుకోవాలి. మెయిన్ ప్రాజెక్టులో కలిసిపోతే ఆ చాకిరీ వాళ్ళకు తప్పుతుంది, మీకు మొదలవుతుంది. ఇందులో మోసమేమీ లేదు, ఓపెన్ సోర్స్‌లోకి చాలా మంచి కోడ్ ఇలాగే వచ్చింది. అవతలివాళ్ళు తమ ఖర్చు చూసుకుంటున్నప్పుడు మీరు మీ ఖర్చు చూసుకోవడం పొగరెలా అవుతుంది?

ఖర్చంటే ఎంతో ఒక్కసారి లెక్కేయండి. థ్రెడ్ల కోడ్‌ను శ్రద్ధగా చదివితే ఒక పూట కూర్చుని మూడు వందల లైన్లు చదవగలరనుకుందాం. ముప్పై వేల లైన్లకు వంద పూటలు. వారానికి రెండు పూటలు దీనికే ఇచ్చినా ఏడాది పడుతుంది. అది ఒక్కసారి చదవడానికే, బాగు చేయడానికి కాదు. పైగా మీ లైబ్రరీ కంటే వచ్చిన కోడే పెద్దది. అది కలిస్తే మీ ప్రాజెక్టులో సగానికి పైగా మీకు తెలియని కోడే ఉంటుంది.

లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌లో జరిగిన రెండు సంగతులు పక్కపక్కన పెట్టి చూస్తే నా మాట మీకు తేలిగ్గా అర్థమవుతుంది. 2009 జులైలో మైక్రోసాఫ్ట్, ఒకే మెషీన్‌లో చాలా ఆపరేటింగ్ సిస్టమ్‌లను నడిపే తన హైపర్-వి కోసం రాసిన డ్రైవర్లు, దాదాపు ఇరవై వేల లైన్లు, కెర్నల్‌కు ఇచ్చింది. కోడ్ కెర్నల్ పద్ధతిలో లేదు. అందుకని దాన్ని స్టేజింగ్ అనే విభాగంలో పెట్టారు, అంటే ఇంకా బాగుపడాల్సిన కోడ్ ఉండే చోటు. అక్కడ కొన్నాళ్ళు పట్టించుకునేవాళ్ళు కరువై, తీసేస్తారేమో అన్నంత వరకు వచ్చింది. ఆ తర్వాత కంపెనీ మనుషుల్ని కేటాయించింది. వాళ్ళు వందలకొద్దీ ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) పంపి శుభ్రం చేశారు, 2012 కల్లా డ్రైవర్లు ఒక్కొక్కటిగా స్టేజింగ్ దాటి అసలు కెర్నల్లోకి వెళ్ళాయి. అదే స్టేజింగ్‌లో గూగుల్ ఆండ్రాయిడ్ డ్రైవర్లు కూడా ఉండేవి. వాటిని చూసుకునేవాళ్ళు ముందుకు రాలేదని 2010లో వచ్చిన 2.6.33 వెర్షన్‌లో తీసేశారు. పని చేసేవాళ్ళు దొరికాక 2012లో 3.3తో అవి తిరిగొచ్చాయి. పెట్టిన చోటు ఒకటే, ఇచ్చినవి రెండూ పెద్ద కంపెనీలే. మనుషులు ఉన్నప్పుడు కోడ్ నిలిచింది, లేనప్పుడు పోయింది.

స్టేజింగ్‌లో ఉంది కాబట్టి తీసేయగలిగారు, అది గుర్తుంచుకోండి. మీరు ఈ ఇంజిన్‌ను ఒక రిలీజ్‌లో డీఫాల్ట్ చేశారంటే, మరుసటి రిలీజ్‌లో తీసేస్తే యూజర్ల ప్రోగ్రాములు ఆగిపోతాయి.

ఇక మీ ముందున్న దారులు. మొదటిది ఉన్నదున్నట్టు తీసుకోవడం. దీనివల్ల వచ్చే మంచి వెంటనే వస్తుంది: వేగం, పేరు, యూజర్ల మెప్పు, బహుశా విరాళం. చెడు మెల్లగా వస్తుంది. ఎప్పుడో ఒకసారి మాత్రమే కనిపించే బగ్ వస్తుంది, థ్రెడ్ల కోడ్‌లో వచ్చేవి అలాంటివే. రిపోర్ట్ చేసినవాడి మెషీన్‌లో వస్తుంది, మీ దగ్గర రాదు. అనుమానం ఉన్న లైను పక్కన "టికెట్ 4412 చూడండి" అని ఉంటుంది. అప్పుడు మీరు ఎవరిని అడుగుతారు? సగం టెస్టులు మీ దగ్గర నడవవు కాబట్టి, మీరు చేసిన మార్పు సరైందో కాదో కూడా తెలియదు. ఈ దారి నేను వద్దంటాను. మీ స్నేహితుడు నొచ్చుకున్నా సరే.

రెండోది ముక్కలుగా విడగొట్టి తీసుకోవడం. పద్ధతైన దారి ఇదే, కానీ ఎంతకాలం పడుతుందో తెలిసి దిగండి. 2020 ఆగస్టులో పారగాన్ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ విండోస్ డిస్కులు వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ డ్రైవర్‌ను లైనక్స్‌కు పంపింది. ఇరవై ఏడు వేల లైన్లు, ఒకే ప్యాచ్‌గా. అంటే దాదాపు మీకొచ్చినంత. ఇలా పంపితే ఎవరూ చదవలేరు, విడగొట్టండి అన్నారు. విడగొట్టారు, సరిచేశారు, పాతికకు పైగా వెర్షన్లు పంపారు, చివరికి 2021లో 5.15 కెర్నల్‌లోకి ఎక్కింది. కథ అక్కడితో అయిపోలేదు. 2022లో ఆ డ్రైవర్‌ను అసలు ఎవరైనా చూసుకుంటున్నారా అని కెర్నల్ డెవలపర్లు బహిరంగంగా అడగాల్సి వచ్చింది. మళ్ళీ ఫిక్సులు రావడం ఆ తర్వాతే మొదలైంది. కాబట్టి ఈ దారిలో కోడ్ బాగుపడుతుందని చెప్పగలను గానీ, మనుషులు నిలబడతారని మాటివ్వలేను.

ఈ దారికే సంబంధించిన ఇంకో ఉదాహరణ మీకు బాగా పనికొస్తుంది. 2016లో ఏఎమ్‌డీ తన గ్రాఫిక్స్ డిస్‌ప్లే కోడ్‌ను, ఇంచుమించు లక్ష లైన్లు, కెర్నల్‌లో కలపమని అడిగింది. గ్రాఫిక్స్ విభాగం మెయింటైనర్ డేవ్ ఎయిర్లీ కుదరదన్నారు. అభ్యంతరం లక్ష లైన్ల గురించి మాత్రమే కాదు. వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌లకు కూడా పనికొచ్చేలా కంపెనీ మధ్యలో తన సొంత పొర ఒకటి పెట్టుకుంది. కెర్నల్లో అప్పటికే ఉన్న సదుపాయాలను ఆ పొర పక్కన పెట్టి అదే పని మళ్ళీ చేస్తోంది. అలాంటి పొర లోపలికొస్తే ఆ కోడ్‌ను కంపెనీవాళ్ళు తప్ప ఇంకెవరూ ముట్టుకోలేరు. ఏఎమ్‌డీ ఏడాది పాటు కోడ్‌ను మార్చింది, 2017 చివర్లో అది 4.15 కోసం మెర్జ్ అయింది. మీకొచ్చిన కోడ్‌లో సొంత లాగింగ్, సొంత కాన్ఫిగరేషన్, సొంత థ్రెడ్ల నిర్వహణ ఉన్నాయన్నారు కదా, అవన్నీ అలాంటి పొరే. అవి తీసేసి మీ లైబ్రరీలో ఉన్నవే వాడమని అడగండి. ముప్పై వేల లైన్లలో మీకు నిజంగా కావాల్సింది ఎంతో అప్పుడు బయటపడుతుంది. నా అనుమానం, సగం కూడా ఉండదు. వాళ్ళు ఆ పని చేయడానికి ఒప్పుకుంటారా లేదా అన్నదాన్ని బట్టి మీకు ఇంకో సంగతి కూడా తెలుస్తుంది: వాళ్ళు మీతో కలిసి పనిచేయడానికి వచ్చారా, బరువు దించుకుని పోవడానికి వచ్చారా అని.

మూడో దారి, నాకు నచ్చింది, ఇంజిన్‌ను పక్కన విడిగా ఉంచడం. మీ లైబ్రరీలో "ఫైలు చదివే ఇంజిన్‌ను బయటి నుంచి తగిలించుకోవచ్చు" అనే ఒక చిన్న ఇంటర్‌ఫేస్ మాత్రం చేర్చండి. అది కొన్ని వందల లైన్ల పని, మీరే రివ్యూ చేయగలరు, అసలు మీరే రాయగలరు. కంపెనీ తన ఇంజిన్‌ను తన సొంత రిపాజిటరీలో (కోడ్ ఉంచే చోట), తన పేరుతో, ప్లగిన్‌గా (విడిగా తగిలించుకునే భాగంగా) విడుదల చేస్తుంది. వేగం కావాల్సినవాళ్ళు అదనంగా ఒక ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసుకుంటారు. కంపెనీ మనుషులు నిలబడితే ప్లగిన్ పెరుగుతుంది, ఏడాది తర్వాత అందులోంచి మంచి భాగాలు ఒక్కొక్కటే లోపలికి తెచ్చుకోవచ్చు. నిలబడకపోతే వాళ్ళ రిపాజిటరీ పాతబడుతుంది గానీ మీ లైబ్రరీకి ఏమీ కాదు.

దీనికీ చిక్కులున్నాయి. ఆ ఇంటర్‌ఫేస్ ఒకసారి బయటికిచ్చాక మీ ఇష్టమొచ్చినట్టు మార్చలేరు. ప్లగిన్‌లో బగ్ వచ్చినా రిపోర్ట్ మీ దగ్గరికే వస్తుంది, జనం తమకు తెలిసిన చోటికే వస్తారు కదా. బగ్ రిపోర్ట్ ఫారంలో "ప్లగిన్ తీసేసి చూసినా ఈ సమస్య వస్తోందా?" అని ఒక ప్రశ్న పెట్టండి, చాలావరకు వడపోస్తుంది. కంపెనీకి కూడా ఇది మొదట రుచించకపోవచ్చు, ఎందుకంటే వాళ్ళు దించుకుందామనుకున్న బరువు వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. కానీ వాళ్ళ సమావేశం సమస్య దీంతోనే తీరిపోతుంది. ఆ తేదీకి తమ రిపాజిటరీని బహిరంగం చేసి, "ఇంజిన్ విడుదల చేశాం" అని నిజాయితీగా ప్రకటించుకోవచ్చు. మీ మెర్జ్ కోసం ఆగక్కర్లేదు. ఆ మాట మేనేజర్‌కు మీరే చెప్పండి, ఆయనకు కావాల్సింది బహుశా అదే.

నాలుగోది మర్యాదగా వద్దనడం. అదీ తప్పు కాదు. వాళ్ళు తమ ఫోర్క్‌ను బయట పెట్టొచ్చు, కొందరు యూజర్లు అటు వెళ్ళొచ్చు, కొన్నాళ్ళు మాటలు పడాల్సి రావొచ్చు. ఎవరైనా కోడ్ తీసుకుని తమ దారిన నడుపుకోవడానికే కదా ఓపెన్ సోర్స్ లైసెన్స్ ఉన్నది. రేపు ఆ ఫోర్క్ బాగా నడిస్తే అప్పుడు కలవొచ్చు. ఒక్కటి మాత్రం స్పష్టంగా ఉండాలి: ఫోర్క్‌కు మీ ప్రాజెక్టు పేరు వాడకూడదు. 2011లో హడ్సన్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు పేరు తనదని ఒరాకిల్ అన్నప్పుడు డెవలపర్లే పేరు వదులుకుని జెంకిన్స్‌గా మారాల్సి వచ్చింది. పేరు ఎవరిదో ముందే రాసి పెట్టుకోకపోతే అలాంటి గొడవలొస్తాయి.

ఏ దారి పట్టినా ముందు తేల్చాల్సింది ఆ రెండు ఫైళ్ళ సంగతి. దీన్ని మీరు ఉత్తరంలో ఒక చిన్న ఇబ్బందిలా రాశారు. నాకైతే ఇది మిగతా వాటన్నిటికంటే ముందు తేలాలి. వేరే కంపెనీ పేరు, "రహస్యం" అన్న మాట ఉన్న కోడ్‌ను మీరు మెర్జ్ చేస్తే, దాన్ని లోకానికి పంచుతున్నది మీరవుతారు. మీ రిలీజ్‌ను వాడే ప్రతివాళ్ళకూ ఆ చిక్కు అంటుకుంటుంది. తర్వాత తీసేసినా, కోడ్ మార్పులన్నీ దాచే గిట్ చరిత్రలో ఉంటుంది, పాత రిలీజ్‌లలో ఉంటుంది. సంగతి మామూలుదే కావొచ్చు. ఆ రెండో కంపెనీని వీళ్ళు ఎప్పుడో కొనేసి, పైనున్న లైను మార్చడం మరిచిపోయి ఉండొచ్చు. లేదా ఏదో హార్డ్‌వేర్‌తో పాటు వచ్చిన కోడ్‌ను ఎవరో ఇంజనీర్ తెచ్చి ఇందులో పెట్టి ఉండొచ్చు, అదైతే మామూలుది కాదు. మీరు ఊహించొద్దు, వాళ్ళ చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. 1998లో నెట్‌స్కేప్ తన బ్రౌజర్ కోడ్‌ను బయట పెట్టేముందు కూడా ఇతర కంపెనీల నుంచి తెచ్చుకున్న భాగాలను ఏరి తీసేయాల్సి వచ్చింది. కంపెనీ లోపల రాసిన కోడ్ అంతా కంపెనీది కాదన్నది కొత్త సంగతేమీ కాదు. జవాబొచ్చేదాకా ఆ ఫైళ్ళను చదవకండి, రివ్యూ చేయకండి, మీ స్నేహితుడికీ చెప్పండి. చదివి గుర్తుపెట్టుకున్నది రేపు మీరు రాసే కోడ్‌లోకి రావొచ్చు, అప్పుడది ఇంకో తలనొప్పి.

ఒకే కమిట్‌గా పంపడం వల్ల కూడా ఇదే ఇబ్బంది. మూడేళ్ళ పని, బహుశా పది మంది చేసింది, అంతా ఒక్క ఇంజనీర్ పేరు మీద కనిపిస్తోంది. ఏ లైను ఎవరు రాశారో చూపే గిట్ బ్లేమ్ కొడితే ముప్పై వేల లైన్లకూ ఒకటే పేరు వస్తుంది. ఎవరు ఏది రాశారు, అందులో కాంట్రాక్టర్లు ఉన్నారా, వాళ్ళ హక్కులు కంపెనీకి వచ్చాయా అన్నవేవీ తెలియవు. పాత చరిత్ర ఇవ్వగలిగితే ఇమ్మనండి, కుదరకపోతే రాసినవాళ్ళ జాబితా అయినా ఇమ్మనండి. ప్రతి కమిట్‌కూ "ఇది ఇచ్చే హక్కు నాకుంది" అని సంతకం పెట్టే పద్ధతి లైనక్స్‌లో 2004 నుంచి ఉంది. అంతకు ముందు ఏడాది ఐబీఎమ్ మీద ఎస్‌సీఓ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ దావా వేసి, లైనక్స్‌లో ఎవరి కోడ్ ఎక్కడి నుంచి వచ్చిందన్న గొడవ లేచాక మొదలైన పద్ధతి అది. మీ ప్రాజెక్టుకూ అది పెట్టుకోండి, ఖర్చేమీ లేదు. అయితే ఇంత పెద్ద కోడ్‌కు ఇంజనీర్ సంతకం ఒక్కటే చాలదు. కంపెనీ తరఫున సంతకం చేసే అధికారం ఉన్నవాళ్ళు ఒక పేజీ ఉత్తరం ఇవ్వాలి. అపాచీ ఫౌండేషన్ అనే ఓపెన్ సోర్స్ సంస్థ, బయట తయారైన కోడ్‌ను తీసుకునేటప్పుడు సాఫ్ట్‌వేర్ గ్రాంట్ అనే పత్రం మీద ఇలాగే సంతకం చేయించుకుంటుంది. ఆ పత్రం ఎలా ఉంటుందో చూసి, ఓపెన్ సోర్స్ తెలిసిన లాయర్‌కు ఒకసారి చూపించుకోండి.

ఫైళ్ళ పైన కంపెనీ కాపీరైట్ లైను గురించి భయపడ్డారు. దానికి భయం అక్కర్లేదు. రాసినవాళ్ళ దగ్గరే కాపీరైట్ ఉంచడం చాలా ప్రాజెక్టుల్లో మామూలే. హక్కులు అనేకమంది చేతుల్లో ఉంటే ఎవరో ఒక్కరు పాత కోడ్‌ను సొంతం చేసుకోవడం కష్టమవుతుంది కూడా. లైసెన్స్ మాత్రం చూసుకోండి. మీది ఎంఐటీ లైసెన్స్, వాళ్ళ ఫైళ్ళ మీద అపాచీ 2.0 లైసెన్స్ అని ఉందని రాశారు. అపాచీలో ఒక మంచి ఉంది: కోడ్ ఇచ్చినవాళ్ళు దానికి సంబంధించిన తమ పేటెంట్ల హక్కు కూడా ఇచ్చినట్టు స్పష్టంగా రాసి ఉంటుంది, ఎంఐటీలో పేటెంట్ మాటే ఉండదు. ఒక చెడూ ఉంది: జీపీఎల్ అనే ఇంకో లైసెన్స్ వెర్షన్ 2కు మాత్రమే కట్టుబడిన ప్రాజెక్టులు అపాచీ 2.0 కోడ్‌ను కలుపుకోలేవని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ చెబుతుంది. మీ లైబ్రరీ వాడేవాళ్ళలో అలాంటివాళ్ళుంటే ఈ మెర్జ్‌తో వాళ్ళు బయటికి పోతారు. ప్లగిన్ విడిగా ఉంటే ఈ చిక్కు వాళ్ళకు రాదు.

విరాళం గురించి ఒక్క మాట. "పరిశీలిస్తాం" అన్నది డబ్బు కాదు. నిజంగా ఇచ్చినా, మెర్జ్ సంగతీ విరాళం సంగతీ ఒకే మెయిల్లో రానివ్వకండి. ఆ రెండూ ముడిపడ్డాయని యూజర్లు ఒకసారి అనుకుంటే ఆ మచ్చ పోదు. మీరు అడగాల్సింది మనుషుల సమయం. పేర్లతో సహా ఇద్దరు ఇంజనీర్లు, వారంలో ఇంత సమయం, కనీసం రెండేళ్ళు అని అడగండి. రాసిచ్చినా ఆ మాట మీద కంపెనీని కోర్టుకు లాగలేరు, నాకూ తెలుసు. అందుకే మీ చేతిలో ఉన్న నియమం ఒకటి ముందే డాక్యుమెంటేషన్‌లో రాసి పెట్టండి: ఈ భాగం ప్రయోగాత్మకం, వరసగా రెండు రిలీజ్‌ల పాటు బగ్‌లకు జవాబిచ్చే మెయింటైనర్ లేకపోతే తీసేస్తాం అని. డీఫాల్ట్ చేయడం గురించి అయితే ఇప్పుడు చర్చే వద్దు.

మీ స్నేహితుడు ఆశపోతు అనుకోకండి. ఇన్నేళ్ళు ఇద్దరే మోశారు, ఎవరో సాయానికి వచ్చారని ఆయనకు ఊరటగా ఉంది. మీకేమో అది సాయంలా కనిపించడం లేదు. వాదించకుండా ఒక్క ప్రశ్న అడగండి: ఈ కోడ్‌లో ఏ భాగం నువ్వు చూసుకుంటావు? ఆయన ఫలానాది అని చెప్తే మీ లెక్క మారుతుంది, రెండో దారికి బలం వస్తుంది. చెప్పలేకపోతే ఆయనకే విషయం అర్థమవుతుంది. కానీ పుల్ రిక్వెస్ట్ కింద అందరి ముందూ మీరిద్దరూ తలో మాట మాట్లాడొద్దు. యూజర్ల కోసం అక్కడ ఒకే ఒక కామెంట్ రాసి పైన పిన్ చేయండి: హక్కుల విషయం, డిజైన్ విషయం కంపెనీతో మాట్లాడుతున్నాం, తేదీ చెప్పలేం అని. ఆ తర్వాత అడిగినవాళ్ళకు జవాబివ్వనక్కర్లేదు.

ఆ ఇంజనీర్ ఉన్నప్పుడే ఆయన దగ్గర నుంచి రాబట్టుకోవాల్సింది కోడ్ కంటే ఎక్కువుంది. ఆ టికెట్లలో ఉన్న కారణాలను కామెంట్లలోకి తెచ్చి రాయమనండి, టికెట్ నంబరు తీసేసి రెండు వాక్యాల్లో. ఇంజిన్ ఎలా పనిచేస్తుందో నాలుగు పేజీల డిజైన్ నోట్ అడగండి. మీరు చివరికి కోడ్ తీసుకోకపోయినా ఆ నోట్ మీకు పనికొస్తుంది, దాన్ని చదివి మీకు కావాల్సిన చిన్న భాగం మీరే రాసుకోవచ్చు. నోట్ కూడా బహిరంగంగా, లైసెన్స్‌తో ఇవ్వమనండి.

మేనేజర్‌కు రాసే మెయిల్‌లో క్షమాపణలూ పెద్ద వివరణలూ అక్కర్లేదు. ఇలా రాస్తే సరిపోతుంది: "మీ ఇంజిన్ వేగం చూశాను, చాలా బాగుంది. ఇద్దరమే నడుపుతున్న ప్రాజెక్టు కాబట్టి ఇంత కోడ్‌ను ఒకేసారి తీసుకోలేం. మీరు దీన్ని ప్లగిన్‌గా విడుదల చేస్తే, దానికి కావాల్సిన ఇంటర్‌ఫేస్‌ను వచ్చే రిలీజ్‌లో చేర్చడానికి సిద్ధంగా ఉన్నాం. మీ ప్రకటనకు కూడా ఇది అడ్డు కాదు. దానికంటే ముందు జతచేసిన జాబితాలోని రెండు ఫైళ్ళు ఎవరివో, వాటిని ఇచ్చే హక్కు మీకుందో మీ లీగల్ టీమ్ నుంచి రాతపూర్వకంగా కావాలి. అలాగే రాబోయే రెండేళ్ళు ఈ కోడ్‌ను ఎవరు చూసుకుంటారో పేర్లు చెప్పండి."

ఈ మెయిల్ పంపి మూడు వారాలు ఆగండి. లీగల్ టీమ్ నుంచి కబురు రావడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. అప్పటికీ జవాబు రాకపోతే ఇంకోసారి గుర్తు చేసి, పుల్ రిక్వెస్ట్‌ను మూసేయండి. కారణం రెండు లైన్లలో అక్కడే రాయండి, ఆ రెండు ఫైళ్ళ సంగతి తేలాక మళ్ళీ తెరవొచ్చని కూడా రాయండి. వాళ్ళ కోడ్ వాళ్ళ దగ్గరే ఉంటుంది. ఇంటర్‌ఫేస్ పని మాత్రం ఈలోగా మొదలుపెట్టుకోవచ్చు, రేపు ఇంకెవరైనా వేరే ఇంజిన్ రాసినా అది పనికొస్తుంది.